లేయరు సముద్రంలో, పాయింట్లు మంచులో: సీఆర్‌ఎస్ ఎక్కడ చెడిందో కాస్త చూడరూ

#1 గట్టురాయి

నమస్తే అండీ. రెండు రోజులుగా సీఆర్‌ఎస్‌తోనే, అంటే అంకెల్ని భూమ్మీద చోటుకి ముడిపెట్టే కోఆర్డినేట్ పద్ధతితోనే కుస్తీ. నా దగ్గర మూడు ఉన్నాయి. ఒకటి, ఒక ఆఫీసు వాళ్లిచ్చిన ప్లాట్ల సరిహద్దుల షేప్‌ఫైల్. జిప్ విప్పితే ఎస్‌హెచ్‌పీ, ఎస్‌హెచ్‌ఎక్స్, డీబీఎఫ్ ఉన్నాయి, సీఆర్‌ఎస్ ఏదో చెప్పే పీఆర్‌జే లేదు. రెండోది, మేం ముగ్గురం ఫోన్లలో జీపీఎస్‌తో పట్టుకొచ్చిన పాయింట్లు, సీఎస్‌వీ. మూడోది అదే ప్రాంతం పాత కాగితం పటం, స్కాన్ తీసి జియోరిఫరెన్స్ చేశా, అంటే పటం మీది చోట్లకి కోఆర్డినేట్లు కట్టా.

మూడూ ఒకదాని మీద ఒకటి కూర్చోవాలి. కూర్చోవట్లేదు. సరిహద్దులు తీరం దాటి సముద్రంలో పడ్డాయి. పాయింట్లయితే ఏకంగా ఉత్తర ధ్రువం వైపు మంచులో! క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్‌లో లేయర్ మీద రైట్ క్లిక్ కొట్టి, సెట్ లేయర్ సీఆర్‌ఎస్‌లో 4326 (డిగ్రీలది) పెట్టా, 3857 (వెబ్ మ్యాపులది) పెట్టా, యూటీఎం (భూమిని 60 జోన్లుగా కోసి మీటర్లలో కొలిచేది) పెట్టా. పెట్టిన ప్రతిసారీ కొత్త చోటికి పోతోంది. ఇప్పుడు ఏది అసలుదో, ఏది నేను చెడగొట్టిందో నాకే తెలీట్లేదు.

#2 పటాలపిచ్చి

చెడగొట్టలేదు, కంగారు పడకండి. సెట్ లేయర్ సీఆర్‌ఎస్ ఎన్నిసార్లు నొక్కినా ఫైల్లో అంకెలు కదలవు. లేయర్ ప్రాపర్టీస్‌లో ఇన్ఫర్మేషన్ తెరిచి, ఎక్స్‌టెంట్ (లేయరు అంచులు) దగ్గరున్న నాలుగంకెలూ ఇక్కడ పెట్టండి. సీఎస్‌వీ మొదటి వరస కూడా. స్క్రీన్‌షాట్లు వద్దు, అంకెలు చాలు.

#3 గట్టురాయి

సరిహద్దులు: ఎక్స్ 230100 నుంచి 238400, వై 1922300 నుంచి 1930800.
సీఎస్‌వీ మొదటి వరస: 17.40862, 78.49317

సరిహద్దులకి ఇప్పుడు యూటీఎం 43 నార్త్ పెట్టి ఉంది. జోన్ ఎలా లెక్కకట్టానంటే, రేఖాంశానికి 180 కలిపి 6తో భాగించా. 43.08 వచ్చింది, 43 తీసుకున్నా.

#4 కొలతగొలుసు

దొరికింది బాబూ. భాగించాక దశాంశం తీసేసి ఒకటి కలపాలి. జోన్లు సున్నా నుంచి కాదు, 1 నుంచి మొదలవుతాయి. 43.08 అంటే 43 జోన్లు అయిపోయి 44లోకి అడుగుపెట్టావని. నీ రేఖాంశం 78.49. 44వ జోన్ 78తో మొదలై 84తో అయిపోతుంది.

ఇక్కడ ఒక సంగతి గట్టిగా పట్టుకో. యూటీఎం అంకెల్లో జోన్ నంబర్ ఉండదు. ఎక్స్ 234000, వై 1926500 అనే చోటు 60 జోన్లలోనూ ఒక్కోటి ఉంటుంది. ప్రతి జోన్ తన నడిమి రేఖాంశానికి ఎక్స్ 500000 అని పేరు పెట్టుకుని అక్కణ్నుంచి కొలుస్తుంది. 44కి నడుమ 81 డిగ్రీలు, 43కి 75. నువ్వు 43 అని చెప్పావు గనక సాఫ్ట్‌వేర్ బుద్ధిగా 75 నుంచి కొలిచి, పాలిగాన్లని సరిగ్గా 6 డిగ్రీలు పడమరకి తోసేసింది. నీ అక్షాంశం దగ్గర 6 డిగ్రీలంటే సుమారు 637 కిలోమీటర్లు. కొలిచి చూడు, అంతే ఉంటుంది. ఉత్తరం దక్షిణం మాత్రం చెదరదు.

44 పెట్టు. కోడ్ 32644.

#5 గట్టురాయి

బాబోయ్, కొలిచా. 637. ఇప్పుడు 44 పెడితే బేస్‌మ్యాప్‌లో రోడ్ల పక్కన చక్కగా కూర్చుంది. రెండు రోజులు పోయాయి ఒక్క ఒకటి కలపక!

పాయింట్లు మాత్రం ఇంకా మంచులోనే.

#6 రాస్టర్‌రాణి

ఆ మంచు స్వాల్‌బార్డ్. మీది 17.4, 78.5 కదా, తిరగేస్తే 78.5 ఉత్తర అక్షాంశం, 17.4 తూర్పు రేఖాంశం. పటంలో చూడండి, సరిగ్గా ఆ దీవుల మీదే పడుతుంది. డిలిమిటెడ్ టెక్స్ట్ డైలాగ్‌లో ఎక్స్ ఫీల్డ్ దగ్గర అక్షాంశం ఎంచుకుని ఉంటారు. ఎక్స్ అంటే రేఖాంశం, వై అంటే అక్షాంశం. నోటితో "అక్షాంశ రేఖాంశాలు" అనే వరసలోనే అంటాం కాబట్టి చెయ్యి అలవాటుగా అలాగే పోతుంది. నేనూ ఆ దీవులకి చాలాసార్లు వెళ్లొచ్చాను, టికెట్ లేకుండా.

#7 నిద్రలేని_సర్వరు

ఇది యూజర్ తప్పు అని సరిపెట్టకండి, తప్పు ప్రపంచానిది. 4326కి, ఈ కోడ్ల జాబితా నడిపే ఈపీఎస్‌జీ వాళ్ల నిర్వచనంలో అక్షాంశం ముందు, రేఖాంశం తర్వాత. పటం డేటా దాచే జియోజేసన్ ఫైళ్లలో, 2016లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 7946 ప్రమాణం ప్రకారం, రేఖాంశం ముందు. కేఎంఎల్ ఫైళ్లలోనూ రేఖాంశం ముందు. వెబ్ మ్యాపుల్లో ఒక చోటు మీద నొక్కి కాపీ చేస్తే అక్షాంశం ముందు. వెబ్ మీద పటాలు పంపే డబ్ల్యూఎంఎస్ 1.1.1లో ఒక వరస, 1.3.0లో అదే 4326కి ఇంకో వరస. 2019లో పటం ఫైళ్లు చదివే లైబ్రరీ జీడాల్ 3 వచ్చి నిర్వచనంలో ఉన్న వరసనే పాటిస్తానంది. అప్పటిదాకా బుద్ధిగా నడిచిన నా స్క్రిప్టులన్నీ ఒక్క రాత్రిలో తలకిందులయ్యాయి. నా పేరు చూశారుగా, ఊరికే పెట్టుకోలేదు.

#8 గట్టురాయి

ఎక్స్, వై మార్చా. వచ్చేశాయి! 61 పాయింట్లలో 58 సరిహద్దుల మీదే ఉన్నాయి. మూడు మాత్రం ఎక్కడో దూరంగా, నైరుతి మూలన ఉన్నాయి. అవి మావాడు ఒకడు పట్టుకొచ్చినవి. ఇవి ఏ లెక్క?

#9 ఇప్పుడే_మొదలు

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. సెట్ లేయర్ సీఆర్‌ఎస్, రీప్రొజెక్ట్ లేయర్, రెండూ సీఆర్‌ఎస్ అడుగుతాయి, రెండింట్లోనూ అదే జాబితా. తేడా ఏంటి? నేను ఏది కనిపిస్తే అది నొక్కుతున్నా.

#10 కొలతగొలుసు

> నేను ఏది కనిపిస్తే అది నొక్కుతున్నా

అక్కడే వస్తుంది చిక్కంతా. ఒక తాడుంది, పొడుగు 100 మీటర్లు. తాడుకి ఒక చీటీ కట్టి ఉంది. చీటీ మీద "100 అడుగులు" అని ఉంటే, దాన్ని కొట్టేసి "100 మీటర్లు" అని దిద్దడం సెట్ లేయర్ సీఆర్‌ఎస్. తాడు మారలేదు, మనం దాని గురించి చెప్పే మాట మారింది. చీటీ సరిగ్గానే ఉంది, కానీ పనివాళ్లకి అడుగుల్లో కావాలి. అప్పుడు లెక్కకట్టి "328 అడుగులు" అని రాస్తావు. అది రీప్రొజెక్ట్. అంకె మారింది, తాడు అదే.

చీటీ తప్పుగా ఉన్నప్పుడు రీప్రొజెక్ట్ నొక్కితే, తప్పుని నమ్మి లెక్కకట్టి, కొత్త ఫైల్లో కొత్త అంకెల్ని శాశ్వతంగా రాసిపెడుతుంది. ఆ ఫైల్‌ని ఇంకొకడికి పంపితే ఇక వాడు మూలం వెతుక్కోవాల్సిందే. ఆర్క్‌జీఐఎస్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌లో ఈ రెంటినీ డిఫైన్ ప్రొజెక్షన్, ప్రాజెక్ట్ అంటారు. పేర్లు ఎంత దగ్గరగా ఉన్నాయో చూడు, కావాలని పెట్టినట్టు. కమాండ్ లైన్‌లో ఓజీఆర్‌2ఓజీఆర్ వాడేవాళ్లకి ఏ_ఎస్‌ఆర్‌ఎస్ చీటీ, టీ_ఎస్‌ఆర్‌ఎస్ లెక్క.

పీఆర్‌జే ఫైల్ అనేది ఆ చీటీయే. గట్టురాయికి ఇచ్చిన ఆఫీసు వాళ్లు తాడిచ్చి చీటీ ఇవ్వలేదు.

#11 గట్టురాయి

> కొత్త అంకెల్ని శాశ్వతంగా రాసిపెడుతుంది

నిన్న రాత్రి 43 పెట్టి అది కూడా నొక్కాను. ఆ ఫైల్ ఇప్పుడే తీసేశా. జిప్ అలాగే ఉంది, దేవుడి దయ.

#12 పటాలపిచ్చి

ఆ మూడు పాయింట్ల అంకెలు పెట్టండి.

#13 గట్టురాయి

17.2431, 78.2935
17.2412, 78.2958
17.2450, 78.2907

మిగతా వాటిలో అయిదు దశాంశ స్థానాలున్నాయి, వీటిలో నాలుగే. అందువల్లా?

#14 పటాలపిచ్చి

కాదు. నాలుగు స్థానాలంటే పోయేది మహా అయితే పది మీటర్లు. డిగ్రీలో నాలుగో స్థానం భూమ్మీద సుమారు 11 మీటర్లు, అయిదోది మీటరు చిల్లర, ఆరోది 11 సెంటీమీటర్లు. మీవి ఎంత దూరం పోయాయో కొలిచారా?

#15 గట్టురాయి

28 కిలోమీటర్లు.

#16 రాస్టర్‌రాణి

డిగ్రీలు, నిమిషాలు, సెకన్లు! మీవాడి ఫోన్ 17 డిగ్రీల 24 నిమిషాల 31 సెకన్లు అని చూపించింది. ఆయన మధ్యలో చుక్క పెట్టి 17.2431 అని రాసుకున్నారు. నిజానికి అది 17.4086. 78.2935 అన్నది 78.4931. అక్షాంశంలో 18 కిలోమీటర్లు, రేఖాంశంలో 21, మూలగా కొలిస్తే మీ 28.

మూడు గుర్తులున్నాయి. నిమిషం ఎప్పుడూ 60 దాటదు కాబట్టి చుక్క తర్వాతి రెండంకెలు 59ని మించవు, ఆ తర్వాతి రెండూ అంతే. తప్పు వల్ల అంకె ఎప్పుడూ తగ్గుతుందే గాని పెరగదు, అందుకే ఉత్తర అక్షాంశం, తూర్పు రేఖాంశం ఉన్న చోట పాయింట్లు నైరుతికే జారతాయి. ఎంత దరిద్రంగా చదివినా అక్షాంశంలో 45 కిలోమీటర్లకి మించి పోవు.

#17 గట్టురాయి

వాడికి ఫోన్ చేశా. "అదేంటి, అలాగే కదా రాయాలి" అంటున్నాడు. మార్చాక మూడూ వచ్చి వాటి గట్ల మీద కూర్చున్నాయి.

#18 కొలతగొలుసు

ఇన్నేళ్లలో నాకు అబ్బిన అలవాటు ఒక్కటే. లేయర్ తప్పు చోట పడితే ముందు సెట్టింగులు తెరవను, ఎంత దూరం, ఎటు పోయిందో కొలుస్తాను. సరిగ్గా 6 డిగ్రీలు పక్కకి పోతే జోన్. ఖండాలు దాటి, అంకెలు తిరగేస్తే కుదిరేలా ఉంటే ఎక్స్ వై తారుమారు. పదుల కిలోమీటర్లయితే నిమిషాలు సెకన్లు. గినియా సింధుశాఖలో సున్నా అక్షాంశం, సున్నా రేఖాంశం దగ్గర కుప్పగా పడితే రెండిట్లో ఒకటి: సీఎస్‌వీలో ఖాళీ గళ్లు సున్నాలయ్యాయి, లేదా డిగ్రీల అంకెలకి 3857 అని చీటీ కట్టారు. 78 డిగ్రీలు కాస్తా 78 మీటర్లయి, మొత్తం పటం ఒక గదిలో పట్టేంత చుక్క అవుతుంది. అదే చుక్క భూమధ్యరేఖ మీద, కానీ సున్నా రేఖాంశానికి దూరంగా ఉంటే, డిగ్రీలకి యూటీఎం చీటీ కట్టారన్నమాట.

కొన్ని వందల మీటర్లు, పటమంతటా ఒకే దిక్కుకి, ఒకే దూరమైతే డేటమ్, అంటే భూమికి ఏ ఆకారం అనుకుని, దాన్ని ఎక్కడ బిగించి కొలిచారో అది. మీటరూ రెండు మీటర్లయితే, ఫోన్ జీపీఎస్ తప్పు దానికంటే ఎక్కువే కాబట్టి నేను పట్టించుకోను. మంచి పరికరంతో కొలిచిందైతే మాత్రం నేలే కదిలిందేమో చూడాలి. ఆస్ట్రేలియా ఏడాదికి దాదాపు 7 సెంటీమీటర్లు ఈశాన్యానికి జరుగుతోంది. అందుకే వాళ్లు జీడీఏ94 నుంచి జీడీఏ2020కి మారినప్పుడు కోఆర్డినేట్లు 1.8 మీటర్లు మారాయి.

#19 గట్టురాయి

వందల మీటర్లు, ఒకే దిక్కు అన్నారా? నా స్కాన్ సరిగ్గా అలాగే ఉంది! ఏ రోడ్డు కూడలి చూసినా ఒకేలా పక్కకి జరిగింది. కంట్రోల్ పాయింట్లు సరిగ్గా నొక్కలేదేమోనని మళ్లీ మళ్లీ చేశా. పటం మీద అక్షాంశ రేఖాంశాల గీతలు కలిసే చోట్లు నొక్కి, అక్కడ అచ్చేసిన డిగ్రీలే ఎక్కించా. టార్గెట్ 4326.

#20 కొలతగొలుసు

నొక్కడం సరిగ్గానే నొక్కావు. పటం అంచున చిన్న అక్షరాల్లో ఏముందో చదువు. ఎలిప్సాయిడ్ (లెక్క కోసం భూమికి ఇచ్చే నొక్కిన గుండు ఆకారం) పేరేదో ఉంటుంది.

#21 గట్టురాయి

భూతద్దం పెట్టాల్సొచ్చింది. ఎవరెస్ట్ అని ఉంది. శిఖరం గురించేమో అనుకుని వదిలేశా ఇన్నాళ్లూ!

#22 కొలతగొలుసు

శిఖరానికి ఏ మనిషి పేరు పెట్టారో ఆ మనిషే. జార్జ్ ఎవరెస్ట్ 1830లో లెక్కకట్టిన భూమి ఆకారం అది. దాని భూమధ్యరేఖా వ్యాసార్ధం 6377276 మీటర్లు. జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్ 84లో 6378137. అంటే 861 మీటర్ల తేడా. పైగా పాతకాలం వాళ్లు ఆ గుండుని తమ ప్రాంతానికి బాగా అతుక్కునేలా బిగించారు, భూమి కేంద్రానికి కాదు. కాబట్టి "17 డిగ్రీల 24 నిమిషాలు" అన్న అదే మాట పాత పటంలో ఒక చోటు, నీ ఫోన్లో ఇంకో చోటు. అక్షాంశం అనేది డేటమ్ చెప్పకపోతే సగం మాటే. జపాన్ 2002లో పాత టోక్యో డేటమ్‌ని వదిలి ప్రపంచ డేటమ్‌కి మారినప్పుడు టోక్యో దగ్గర కోఆర్డినేట్లు 450 మీటర్ల దాకా జరిగాయి. నేల కాదు, అంకెలు.

టార్గెట్‌గా 4326 ఇవ్వకు. ఎవరెస్ట్ మీద కట్టిన భౌగోళిక సీఆర్‌ఎస్ ఎంచుకుని జియోరిఫరెన్స్ చెయ్యి. తర్వాత ప్రాజెక్టులోకి తెస్తే ట్రాన్స్‌ఫర్మేషన్ (ఒక డేటమ్ నుంచి ఇంకోదానికి మార్చే లెక్క) ఏది అని ఒక పెట్టె అడుగుతుంది. అందరూ ఓకే కొట్టేస్తారు. నువ్వు కొట్టకు. ప్రతి వరసకీ కచ్చితత్వం ఎన్ని మీటర్లో రాసి ఉంటుంది, చదివి ఎంచుకో. బాల్‌పార్క్ అని ఉన్నది తీసుకుంటే డేటమ్ మార్పు జరగదు, మళ్లీ మొదటికే వస్తావు.

#23 అడ్డగీత

ఇంత తతంగం ఎందుకండీ? అన్నీ 3857లోకి మార్చేసుకోండి, బేస్‌మ్యాప్ ఎలాగూ దాంట్లోనే ఉంటుంది. మీటర్లలో వస్తుంది, జోన్ల గొడవ లేదు. నేను నాలుగేళ్లుగా అలాగే చేస్తున్నా, ఎవరూ ఏమీ అనలేదు.

#24 రాస్టర్‌రాణి

ఎవరూ కొలిచి చూడలేదన్నమాట. దాంట్లో మీటర్లు మీటర్లు కావండీ, భూమధ్యరేఖ మీద తప్ప. గట్టురాయి గారూ, మీ ప్లాట్ ఒకటి తీసుకుని రెండు రకాలుగా వైశాల్యం తీసి పెడతారా?

#25 గట్టురాయి

ఒకే ప్లాట్, చదరపు మీటర్లలో:
3857కి మార్చి, ఫీల్డ్ కాలిక్యులేటర్‌లో మామూలు ఏరియా ఫంక్షన్‌తో: 4419
32644లో అదే ఫంక్షన్: 4006
డాలర్ గుర్తు ఉన్న ఏరియాతో: ఏ లేయర్లో తీసినా 4002
4326లో మామూలు ఫంక్షన్: 0.00000034. ఇదేంటో మరి.

#26 రాస్టర్‌రాణి

చివరిది చదరపు డిగ్రీలు, దేనికీ పనికిరాదు. ఒక చదరపు డిగ్రీ ఎంత పెద్దదో ఒక్కో అక్షాంశం దగ్గర ఒక్కోలా ఉంటుంది.

అడ్డగీత గారూ, 4419 చూశారా? పది శాతం ఎక్కువ. 17 డిగ్రీల దగ్గర ఇదీ. 60 డిగ్రీల దగ్గర పొడుగు రెట్టింపు, వైశాల్యం నాలుగు రెట్లు. ఆఫ్రికా 3 కోట్ల చదరపు కిలోమీటర్లు, గ్రీన్‌లాండ్ 22 లక్షల లోపు. 14 రెట్లు చిన్న గ్రీన్‌లాండ్, 3857కి మూలమైన మెర్కేటర్ పటంలో ఆఫ్రికాతో పోటీ పడుతుంది. 1569లో మెర్కేటర్ ఆ పటం గీసింది నావికుల కోసం. దిక్సూచి ఒకే దిక్కు పట్టుకుని పోతే వచ్చే దారి దాంట్లో సరళరేఖ అవుతుంది. ప్లాట్ల వైశాల్యం తియ్యడం ఆయన మనసులో ఉండి ఉండదు.

డాలర్ ఉన్నది ప్రాజెక్టులో పెట్టిన ఎలిప్సాయిడ్ మీద లెక్కకడుతుంది, అందుకే ప్రొజెక్షన్ (గుండ్రటి భూమిని చదును చేసే పద్ధతి) మారినా మారదు. మామూలుది లేయర్ కాగితం మీద ఎలా పరిచి ఉందో అలాగే కొలుస్తుంది.

#27 నిద్రలేని_సర్వరు

చిన్న పిట్టకథ. 3857కి ఆ నంబర్ వచ్చేముందు జనం వాడిన నంబర్ 900913. అంకెల్ని అక్షరాల్లా చూడండి: జీ, ఓ, ఓ, జీ, ఎల్, ఈ. ఈపీఎస్‌జీ వాళ్లు మొదట్లో దీన్ని అసలు ప్రొజెక్షనే కాదని పక్కన పెట్టారు. ఇప్పటికీ అధికారిక పేరు స్యూడో మెర్కేటర్. ఎలిప్సాయిడ్ మీది అక్షాంశాల్ని తీసుకుని గోళం సూత్రంలో వేస్తుంది మరి.

#28 అడ్డగీత

సరే, పది శాతం ఒప్పుకున్నా. పాత ప్రాజెక్టులు తెరవాలంటే భయమేస్తోంది. కానీ యూటీఎం మాత్రం పత్తిత్తా? దాంట్లోనూ స్కేల్ 0.9996, అంటే కిలోమీటరుకి 40 సెంటీమీటర్లు తక్కువే చూపిస్తుంది కదా. గట్టురాయి గారిది మాత్రం 4002 కాస్తా 4006 అయింది, తగ్గలేదే?

#29 కొలతగొలుసు

మంచి ప్రశ్న. 0.9996 జోన్ నడిమి గీత మీద మాత్రమే. అక్కణ్నుంచి పక్కలకి పోయేకొద్దీ పెరుగుతూ, సుమారు 180 కిలోమీటర్ల దగ్గర 1 అవుతుంది, ఆ తర్వాత దాటుతుంది. గట్టురాయి చోటు 81 డిగ్రీల నుంచి 266 కిలోమీటర్లు పడమరకి, జోన్ అంచున ఉంది. అక్కడ స్కేల్ 1.00047 దాకా. కిలోమీటరుకి 47 సెంటీమీటర్లు ఎక్కువ, వైశాల్యానికి అది రెండింతలు పడుతుంది. 4002కి నాలుగు కలిసి 4006. లెక్క సరిపోయింది.

టోటల్ స్టేషన్ అనే సర్వే పరికరం పట్టుకుని నేల మీద కొలిచేవాళ్లు, కంప్యూటర్లో పటాలు చేసే జీఐఎస్ వాళ్లతో తగాదా పెట్టుకునేది ఇక్కడే. నేల మీద కొలిచిందీ నిజమే, పటం మీద కొలిచిందీ నిజమే. రెంటి మధ్యా స్కేల్ ఫ్యాక్టర్ ఒకటుందని చెప్పేవాడు లేక గొడవ. చిన్న ప్లాట్లకి పట్టించుకోనక్కర్లేదు, పది కిలోమీటర్ల కాలవ గీస్తే మాత్రం దాదాపు అయిదు మీటర్లు.

#30 ఇప్పుడే_మొదలు

మరి వైశాల్యం, ఆకారం, దూరం మూడూ సరిగ్గా ఉండే ప్రొజెక్షన్ ఏది? అదే పెట్టుకుంటా.

#31 పటాలపిచ్చి

లేదు, రాదు కూడా. గుండ్రటి ఉపరితలాన్ని కొలతలు చెడకుండా చదును చెయ్యలేమని గాస్ 1827లోనే నిరూపించేశాడు. కాబట్టి దేన్ని చెడనివ్వాలో నువ్వే ఎంచుకోవాలి. ప్రపంచ పటంలో జిల్లాలకో దేశాలకో రంగులు పూస్తున్నావా, వైశాల్యం కాపాడేది తీసుకో. 2018లో వచ్చిన ఈక్వల్ ఎర్త్ కంటికి బాగుంటుంది. చిన్న ప్రాంతంలో కొలతలైతే యూటీఎం. వెబ్‌లో ఊరికే చూపించడానికైతే 3857 పెట్టుకో, కొలవకు.

#32 ఇప్పుడే_మొదలు

ఇంకొక్కటి. బఫర్ టూల్‌లో (చుట్టూ ఇంత దూరం అని హద్దు గీసేది) 500 అని కొడితే ప్రపంచమంతా నిండిపోయింది...

#33 రాస్టర్‌రాణి

500 డిగ్రీలు కొట్టారు. అంకె పెట్టె పక్కన యూనిట్ చూడండి. ముందు యూటీఎంలోకి రీప్రొజెక్ట్, తర్వాత బఫర్.

#34 గట్టురాయి

స్కాన్ కుదిరింది! ట్రాన్స్‌ఫర్మేషన్ పెట్టెలో మొదటిది బాల్‌పార్కే ఉంది, వదిలేసి రెండోది తీసుకున్నా. రోడ్డు కూడళ్లు ఇప్పుడు 8, 10 మీటర్ల లోపు కలుస్తున్నాయి. ఇంకా తగ్గించొచ్చా?

#35 కొలతగొలుసు

పటం స్కేల్ ఎంత? 1:50,000 అయితే ఇక వదిలెయ్. గీత మందం 0.2 మిల్లీమీటర్లు అనుకున్నా నేల మీద 10 మీటర్లు. గీత లోపల వెతికేదేముంది.

#36 గట్టురాయి

1:50,000 యే. వదిలేశా.

పాయింట్లలో ఎత్తు కాలమ్ కూడా ఉంది. ఇవి కాక, వేరే పని మీద సముద్రతీరం దగ్గర మావాడొకడు తీసిన పాయింట్‌లో ఎత్తు మైనస్ 70 చిల్లర వచ్చింది. వాడు నీళ్లలో లేడని హామీ ఇస్తున్నా.

#37 పటాలపిచ్చి

అది ఎలిప్సాయిడ్ నుంచి ఎత్తు, సముద్రమట్టం నుంచి కాదు. రెంటి మధ్య తేడాని జియాయిడ్ (సగటు సముద్రమట్టం ఆకారం) మోడల్ చెబుతుంది. ప్రపంచంలోకెల్లా జియాయిడ్ లోతైన చోటు హిందూ మహాసముద్రంలో, శ్రీలంకకి దక్షిణాన ఉంది, ఎలిప్సాయిడ్ కన్నా సుమారు 106 మీటర్లు కిందకి. ఆ చుట్టుపక్కలంతా మైనస్‌లు సహజమే. దీన్ని వేరే చర్చగా పెట్టండి, ఇక్కడ కలిపితే తెగదు.

#38 గట్టురాయి

పెడతా. ఆఫీసు వాళ్లకి ఫైల్ తిరిగి పంపుతున్నా, ఈసారి జియోప్యాకేజీలో. సీఆర్‌ఎస్ లోపలే ఉంటుంది కాబట్టి చీటీ పోదు. షేప్‌ఫైలే కావాలని పట్టుబడితే, పీఆర్‌జేతో పాటు ఫైల్ పేరు చివర్నే 32644 అని కూడా పెట్టా.

#39 కొలతగొలుసు

జిప్ చేసేటప్పుడు పీఆర్‌జే లోపల పడిందో లేదో ఒకసారి విప్పి చూసి పంపు.

#40 గట్టురాయి

...పడలేదు. మళ్లీ చేస్తున్నా.